గర్భిణులు ఈత కొట్టడం ఎలా? పూల్ నుంచి బయటికి వచ్చేటప్పుడే అసలు జాగ్రత్త

కడుపుతో ఉన్నవాళ్లకు ఈతకు మించిన వ్యాయామం లేదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. నడుము నొప్పితో, వాచిన పాదాలతో ఉన్న మనిషిని పార్కు చుట్టూ తిప్పడం నాకు అస్సలు నచ్చదు. నీళ్లలో దిగితే బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దవాళ్లు ఆపుతుంటారు. బిడ్డ ఉండేది ఉమ్మనీటిలో, పూల్ చల్లదనానికి జలుబు చేయదు.

ముందు డాక్టరమ్మను అడగండి. మాయ కిందికి ఉన్నా, గర్భసంచికి కుట్టు వేసినా, రక్తస్రావం కనిపించినా, ఉమ్మనీరు కారుతున్నా, బీపీ పెరిగినా ఆవిడ సరే అనేదాకా పూల్ వైపు వెళ్లొద్దు.

సాగే గుడ్డతో కుట్టిన స్విమ్‌సూట్ వేసుకోండి. కాటన్ చుడీదార్, నైటీ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. నీళ్ల వేడి 32 డిగ్రీలు దాటకూడదు. ఉదయం మొదటి లేడీస్ బ్యాచ్‌కే వెళ్లాలి. మెట్ల మీదుగా దిగాలి, దూకకూడదు.

ఈత వస్తే ఫ్రీస్టైల్ కొట్టండి, అంటే బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వేసే ఈత. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కప్పలా కాళ్లు విప్పి తన్నినప్పుడు పొత్తికడుపు కింద ఎముక నొప్పి పెడితే అది మానేయండి. ఈత రాకపోతే ఛాతీ లోతులో నడవండి. ఊపిరి బిగబట్టొద్దు. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగం చాలు. అమెరికా ఒలింపిక్ స్విమ్మర్ డానా వోల్మర్ 2017లో ఆరు నెలల గర్భంతో 50 మీటర్ల పోటీలో ఈదింది. ఆమెది ఏళ్ల సాధన, ఆమెను చూసి వేగం పెంచకండి.

ఇక బయటికి రావడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నీళ్లలో ఉన్నంతసేపు ఆ ఒత్తిడికి కాళ్లలోని రక్తం పైకి వస్తుంది. బయటికి రాగానే ఒత్తిడి పోయి రక్తం మళ్లీ కాళ్లలోకి దిగుతుంది, బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పైగా పొట్ట ముందుకు రావడంతో బ్యాలెన్స్ మారి ఉంటుంది, కింద తడి టైల్స్ ఉంటాయి.

అందుకే ఈత ఆపగానే గట్టెక్కొద్దు. నడుము లోతులో ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. గట్టు మీద చేతులు ఆన్చి పైకి లేవడం, నిట్టనిలువు నిచ్చెన ఎక్కడం రెండూ వద్దు. వెడల్పు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేని పూల్‌కు అసలు వెళ్లకండి. రెయిలింగ్ పట్టుకుని ఒక మెట్టు ఎక్కి ఆగండి, ఊపిరి తీసుకోండి, తర్వాతే ఇంకో మెట్టు. తోడు వచ్చినవాళ్లు పైనుంచి చెయ్యి పట్టి లాగుతుంటారు, ప్రేమతోనే. కానీ ఆ లాగుడుకే కాలు జారుతుంది. వాళ్లు మీ పక్కనే, అదే మెట్టు మీద నిలబడి మోచెయ్యి పట్టుకోవాలి. కళ్లు మసకబారితే ఉన్నచోటే మెట్టు మీద కూర్చోండి. వంగకుండా తొడుక్కునే రబ్బరు చెప్పులు పై మెట్టు పక్కనే, కుర్చీ రెండడుగుల దూరంలో ముందే పెట్టించుకోండి. కాసేపు కూర్చుని నీళ్లు తాగాకే డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లాలి.

రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కడుపు బిగుసుకుని నొప్పి పెట్టినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. బాగానే ఉన్నా ఆ రోజు స్కూటీ మీరు నడపొద్దు.