ఇంట్లో చేసిన నీటి రాకెట్‌తో పోటీకి వెళ్లేవారికి

కొంత నీరు పోసి, గాలి కొట్టి, మూతి కిందికి ఉండేలా నిలిపి వదిలే ప్లాస్టిక్ సీసాయే నీటి రాకెట్. దాని పోటీల్లో జట్లు గాలి చాలక ఓడిపోవడం అరుదు. రాకెట్ వంకరగా పోవడం వల్లనే ఎక్కువగా ఓడిపోతాయి. కొన్ని పోటీల్లో ఎత్తును, కొన్నింటిలో దూరాన్ని, మరికొన్నింటిలో గురికి ఎంత దగ్గరగా పడిందన్నదానిని కొలుస్తారు కాబట్టి, నిబంధనలను, ముఖ్యంగా అనుమతించిన పీడనాన్ని, చదివిన తరువాతనే కత్తెర పట్టాలి.

రాకెట్‌కు 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసానే వాడాలి. గ్యాస్ ఒత్తిడిని తట్టుకునేలా తయారైన సీసా అది. మామూలు మంచినీళ్ల సీసాకు ఆ బలం ఉండదు. గీత పడినదానిని, మడత దగ్గర తెల్లబారినదానిని పక్కన పెట్టేయండి. మా మొదటి రాకెట్‌కు రెక్కలను వేడి జిగురుతో నేరుగా సీసాకే అంటించాము. ఆ వేడికి గోడ మెత్తబడి, గాలి కొడుతుండగా అక్కడే బుడిపెలా ఉబ్బింది. అప్పటినుంచి మరో సీసా నడుము నుంచి కోసిన గొట్టానికి రెక్కలు బిగించి, దానిని సీసా మూతి వైపు, అంటే రాకెట్ తోక వైపు, తొడిగి టేపు చుడుతున్నాము. రెక్కలు మూడైనా నాలుగైనా సరే, అన్నీ ఒకే అచ్చు పెట్టి కోసినవై ఉండాలి.

రాకెట్ నిలకడను తెలుసుకోవడానికి ఒక్క దారం చాలు. నీళ్లు లేని రాకెట్‌ను వేలిమీద నిలిపి, అది సమంగా తూగిన చోట దారం కట్టి, జారకుండా టేపు వేసి, ఖాళీ స్థలంలో తలపైన గుండ్రంగా తిప్పండి. ముక్కు ముందుగా సాగితే రాకెట్ నిలకడగా ఉన్నట్టు. తోక ముందుకు వచ్చినా, పల్టీలు కొట్టినా, ముక్కులో కొంచెం కొంచెంగా బంకమట్టి చేరుస్తూ మళ్లీ తిప్పి చూడాలి.

శక్తి అంతా నొక్కి ఉంచిన గాలిదే. నీరు వెనక్కి విసిరే బరువు మాత్రమే. పీడనం 4 బార్లు (ఒక బారు దాదాపు మామూలు వాతావరణ పీడనమంత) ఉంటే తొలి క్షణంలో నీరు సెకనుకు దాదాపు 28 మీటర్ల వేగంతో బయటికి దూకుతుంది. నీరు మరీ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి బరువు పెరుగుతుంది; మరీ తక్కువైతే రాకెట్‌ను నెట్టే తోపు ముందే ముగుస్తుంది. సీసాలో మూడో వంతు, అంటే సుమారు 650 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, ఒకసారికి 50 చొప్పున మారుస్తూ, ప్రతి కొలతకూ మూడేసి ప్రయోగాలు చేసి పుస్తకంలో రాసుకోవాలి. ఆ వరుసలో పీడనాన్ని, కోణాన్ని ముట్టుకోకూడదు.

సీసా మూతికి పెట్టే, సైకిల్ వాల్వు బిగించిన రబ్బరు బిరడా తనంతట తానే ఊడుతుంది కాబట్టి, ప్రతిసారీ ఒకే పీడనం దగ్గర ఊడదు. సరదాకు సరే, పోటీకి పనికిరాదు. సీసా మెడ చుట్టూ ఉండే అంచును కేబుల్ టైల (వైర్లను కట్టే ప్లాస్టిక్ పట్టీల) తలలు పట్టుకుని, వాటిని ఒక గొట్టపు ముక్క బిగించి ఉంచి, తాడు లాగితే ఆ ముక్క కిందికి జారే ఏర్పాటు మేలు. పీడనాన్ని చూపే గేజ్ ఉన్న పంపును పొడవాటి ట్యూబుతో కలపండి.

కొత్త సీసాను ముందుగా నిండా నీటితో నింపి, వాడబోయే పీడనానికి మించి పరీక్షించాలి. నీరు దాదాపు నొక్కుకుపోదు కాబట్టి సీసా పగిలినా గాలితో పగిలినంత ప్రమాదం ఉండదు. అయినా కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. తాడు లాగినా రాకెట్ కదలకపోతే ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. పంపు వైపున్న వాల్వును తెరిచి, గేజ్ సున్నాకు వచ్చాకనే చేయి పెట్టాలి.