ఉమే చెట్టు అచ్చు కొంటున్నారా? ముందు ఫ్రేము విప్పించండి

జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్క అచ్చుగా వేసిన కమెయిదో ఉమే తోట బొమ్మ మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఉమే అంటే జపాన్ ప్లమ్ చెట్టు. కళ్లకి అడ్డం పడ్డట్టు వంకర్లు తిరిగిన చెట్టు, కొమ్మల సందుల్లోంచి కంచె అవతల చీమలంత మనుషులు, పైన ఎర్రటి ఆకాశం. 1857లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, అచ్చయింది. 1887లో డచ్ చిత్రకారుడు వాన్ గో నూనె రంగుల్లో దింపుకున్నది దీన్నే. అమ్మకానికి మాత్రం మూడు రకాలు వస్తాయి: పాతకాలపు అచ్చు, తర్వాత కొత్త చెక్క దిమ్మెలు చెక్కి వేసింది, యంత్రం మీద అచ్చేసిన ఉత్త ఆఫ్‌సెట్ బొమ్మ. నేను మొదట కొన్నది మూడోది. అద్దంలోంచి చూసే మురిసిపోయి డబ్బులిచ్చేశాను.

అందుకే ఫ్రేము విప్పించి, ముందు వెనకవైపు చూడండి. చేత్తో అచ్చు వేసేవాళ్లు రంగు పూసిన దిమ్మె మీద తడి కాగితం పరిచి, వీపున బరెన్‌తో గట్టిగా రుద్దుతారు. బరెన్ అంటే వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ల. ఆ ఒత్తిడికి రంగు కాగితం నారలోకి దిగుతుంది. కాబట్టి ఆకాశం ఎరుపు వెనక్కి లీలగా ఊరి ఉండాలి. కాగితాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే రుద్దిన చారలూ కనిపించొచ్చు. వెనకవైపు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటే అనుమానించండి. అట్టకి అంటించేశారా? నేనైతే బేరమే ఆడను.

తర్వాత పది రెట్ల భూతద్దం ఆకాశం మీద పెట్టండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు బారులు తీరి ఉంటే ఇక చూడక్కర్లేదు, ఆఫ్‌సెట్. చెక్క అచ్చులో రంగు పరుచుకుని ఉంటుంది, ఒక్కోచోట చెర్రీ దిమ్మె చారలు కూడా తేలతాయి. అలాగే పువ్వు మీదికి జరపండి. ఆ తెల్లదనం పూసిన రంగు కాదు, అచ్చు పడని కాగితం. రేకు అంచున ఎరుపు ఆగిపోయి, నార పోగులు బయటపడతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

పాతదా, కొత్త దిమ్మెదా తేల్చడం కష్టం. బొమ్మ మీది ముద్రలు చూసి నమ్మొద్దు, వాటినీ చెక్కేస్తారు. న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న పాత అచ్చు ఫొటో పక్కన పెట్టుకుని కొమ్మల గీతలు ఒక్కొక్కటే పోల్చండి. ఎంత చెయ్యి తిరిగినవాడు చెక్కినా ఎక్కడో ఒక గీత తేడా పడుతుంది.

ఇప్పుడు నా గోడ మీదున్నది కొత్త దిమ్మెదే, తెలిసే కొన్నాను. కిటికీ ఎండ తగలని గోడకి తగిలించాను, లేకపోతే రంగులు వెలిసిపోతాయి.