క్లినిక్‌లో కంప్యూటర్ రికార్డులు: నొప్పి ఒకచోట, రోగం ఇంకోచోట

నేను డాక్టర్‌ను కాను. హనుమకొండ, వరంగల్, పరకాల, నర్సంపేట వైపు చిన్న క్లినిక్‌లకు, పది పదిహేను పడకల నర్సింగ్‌హోంలకు పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, స్టాఫ్‌కు నేర్పి, ఆ తర్వాత వచ్చే ఫోన్లన్నీ ఎత్తడం నా పని. ఫోన్ చేసినవాళ్లు చెప్పేది ఒకటే మాట: "అన్నా, సాఫ్ట్‌వేర్ పనిచేస్తలేదు." వెళ్లి చూస్తే సాఫ్ట్‌వేర్ బాగానే ఉంటుంది. డాక్టర్ గదిలో బయటపడే ఇబ్బందికి మూలం చాలాసార్లు రిసెప్షన్ కౌంటర్ దగ్గరో, గోడ మూలన దుమ్ము పట్టిన వైర్ల పెట్టెలోనో దొరుకుతుంది. అందుకే ఇక్కడ పైకి కనబడే లక్షణంతో మొదలుపెట్టి లోపలికి వెళ్తున్నాను.

ఒకరి రికార్డులో ఇంకొకరి మందులు కనబడుతున్నాయి

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే, కాబట్టి ముందు ఇది. ఒక క్లినిక్ కౌంటర్ పక్కన నిలబడి ఉన్నప్పుడు కళ్లారా చూశాను. ఒక ముసలామె వచ్చింది.

"పేరేంది అవ్వా?"

"సారక్క."

తెర మీద తొమ్మిది మంది సారక్కలు వచ్చారు. ఊరు అడిగితే ములుగు అంది. ముగ్గురు మిగిలారు. వయసు అడిగితే, "ఏమో బిడ్డా, అరవై రాసుకో" అంది. ముగ్గురిలో ఇద్దరికి అరవయ్యే రాసి ఉంది. వెనక లైను కదలడం లేదు. కౌంటర్‌లోని అమ్మాయి పైనున్న పేరు నొక్కేసింది. లోపల డాక్టర్ తెర చూసి, "షుగర్ గోలీలు రోజూ వేసుకుంటున్నవా?" అని అడిగారు. "నాకు షుగర్ యాడిది సారూ? మోకాళ్ల నొప్పులకు వచ్చిన" అంది అవ్వ. ఆయన అడిగారు కాబట్టి బయటపడింది. అడగకుండా పాత మందులే మళ్లీ రాసి ఉంటే?

కారణం మన పేర్లలోనే ఉంది. మేడారం తల్లుల పేర్లు, ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న మీద పెట్టుకున్న పేర్లు ఈ జిల్లాల్లో వాడకొకటి ఉంటాయి. సమ్మక్క అని ఇంగ్లిష్‌లో కొట్టమంటే ఒకరు ఒక ఎమ్ వేస్తారు, ఇంకొకరు రెండు వేస్తారు. ఇంటిపేరు ఒక రికార్డులో ముందు ఉంటే ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. పెళ్లయినవాళ్లకు ఒక కార్డులో పుట్టింటిది, ఇంకో కార్డులో అత్తింటిది. ఫోన్ నంబర్ కొడుకుది, అదే నంబర్ మీద తల్లి, తండ్రి, కోడలు. చాలామంది పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1.

దీని వల్ల రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకే మనిషికి మూడు రికార్డులు తయారవడం చిరాకు. ఇద్దరు మనుషులు ఒకే రికార్డులో పడడం అపాయం. స్టాఫ్ మొదటిదానికి భయపడి రెండోది చేస్తుంటారు. అనుమానం ఉంటే కొత్త రికార్డు తెరవమనే నేను చెప్తాను. రెండింటిని తర్వాత కలపొచ్చు, కలిసిపోయిన వాటిని విడదీయడం నరకం.

ఏం చేయాలంటే, పేరుతో వెతకడం ఆఖరి దారి కావాలి. ఓపీ చీటీ మీద క్లినిక్ నంబర్ పెద్ద అక్షరాల్లో, వీలైతే క్యూఆర్ కోడ్‌తో అచ్చు వేయండి. చీటీ తేకపోతే ఫోన్ నంబర్‌తో వెతికి, ఆ తర్వాత పేరు, ఊరు, తండ్రి లేదా భర్త పేరులో కనీసం రెండు కలిస్తేనే తెరవాలి. వయసు పెట్టెలో అరవై అని రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఐదేళ్ల తర్వాత కూడా అరవయ్యే ఉంటుంది. అందాజాగా అయినా పుట్టిన సంవత్సరం రాయించండి. పేరు తెలుగులో రాసే పెట్టె ఒకటి అదనంగా పెట్టించండి, స్పెల్లింగ్ గొడవ సగం తగ్గుతుంది. ఒక వెబ్‌క్యామ్ కొని ఫొటో తీస్తే మిగతా సగం తగ్గుతుంది. ఇంకో మాట, "మీరు సారక్కేనా?" అని అడగొద్దు. వినబడినా వినబడకున్నా ఊ అంటారు. "మీ పేరు చెప్పండి" అనాలి. రికార్డులు కలిపే అధికారం కౌంటర్‌లో ఎవరికీ ఇవ్వొద్దు. వారానికోసారి, బ్యాకప్ తీశాక, ఒక్కరే, డాక్టర్‌కు చూపించి చేయాలి.

లైను పెరిగింది, డాక్టర్ తెర మీంచి తల ఎత్తడం లేదు

మొదటి వారంలో తప్పకుండా వచ్చే ఫోన్ ఇది. "కాగితం మీదైతే రెండు నిమిషాలు, ఇప్పుడు ఏడు నిమిషాలు" అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కాగితం రోజుల్లో నలుగురు పంచుకున్న పని కంప్యూటర్ వచ్చాక డాక్టర్ ఒక్కరి మీద పడుతుంది. బీపీ, బరువు, జ్వరం, పాత జబ్బులు, మందు పడకపోవడం, ఇవన్నీ పేషెంట్ లోపలికి రాకముందే నర్సు ఎక్కించాలి. డాక్టర్‌కు మిగలాల్సింది పరీక్షలో తేలింది, జబ్బు పేరు, మందులు. నింపకపోతే ముందుకు పోనివ్వని పెట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అక్కర్లేనివి తీసేయించండి. జలుబుతో వచ్చిన పిల్లాడికి వృత్తి, విద్యార్హత అడిగే ఫారం నేను చూశాను.

అన్నీ ఒక్కరోజే మొదలుపెట్టకండి. మొదట రిజిస్ట్రేషన్, బిల్లు. అవి చేతికి అలవాటైతే మందుల చీటీ, తర్వాత ల్యాబ్. ముహూర్తం కూడా చూసుకోండి. వానాకాలం జ్వరాల సీజన్‌లోనో, మేడారం జాతర వారంలోనో మొదలుపెట్టిన క్లినిక్ పదో రోజు మళ్లీ కాగితానికే పోతుంది. పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించాకే మొదలుపెడదాం అనేవాళ్లు అసలు మొదలుపెట్టరు. పేషెంట్ వచ్చిన రోజు అతని ఫైలు తెరిచి, పడని మందులు, నడుస్తున్న మందులు, అయిన ఆపరేషన్లు మాత్రం ఎక్కిస్తే చాలు.

తొందర తగ్గించే "పోయినసారిది కాపీ చెయ్యి" అనే బటన్‌తో మాత్రం జాగ్రత్త. ఒకామె రికార్డులో ఆరు నెలలుగా బరువు 58 కిలోలే ఉంది. మనిషి చూస్తే చిక్కి సగమైంది. ఎవరూ తూకం వేయలేదు, బటన్ నొక్కుతూ పోయారు. మందుల జాబితా కాపీ కావొచ్చు గానీ బరువు, బీపీ, పరీక్షలో తేలినవి ప్రతిసారి ఖాళీగానే తెరుచుకునేలా సెట్ చేయించండి.

చీటీలో రాయాలనుకున్న మందు వేరు, వచ్చింది వేరు

సర్చ్ పెట్టెలో "మెట్" అని కొట్టి ఎంటర్ నొక్కే అలవాటు దీనికి మూలం. మెట్‌ఫార్మిన్ షుగర్‌కు, మెట్రోనిడజోల్ ఇన్ఫెక్షన్‌కు. ఈ రెండూ తారుమారు కావడం ప్రపంచమంతా తెలిసిన పొరపాటే. కాగితం మీద చేతిరాత అర్థంకాక తప్పు జరిగేది. కంప్యూటర్‌లో తప్పు కూడా ముత్యాల్లాంటి అక్షరాల్లో అచ్చయి వస్తుంది, మందుల షాపు అబ్బాయికి అనుమానం కూడా రాదు. కనీసం ఐదు అక్షరాలు కొడితేనే జాబితా తెరుచుకునేలా పెట్టించండి. మీరు రోజూ రాసే నలభై యాభై మందులతో సొంత జాబితా చేసుకోండి. చీటీ మీద జబ్బు పేరు కూడా అచ్చయితే షాపులో పట్టుకునే అవకాశం ఉంటుంది.

హెచ్చరికల సంగతి కూడా ఇక్కడే. ప్రతి చిన్నదానికీ ఎర్ర పెట్టె వస్తుంటే మూడో రోజు నుంచి ఎవరూ చదవరు, ఓకే ఓకే అని నొక్కుతారు. పడని మందు, గర్భిణికి ఇవ్వకూడని మందు, కలిపి వేసుకుంటే నిజంగా ప్రాణం మీదికి తెచ్చే మందుల జంటలు, వీటికి తప్ప మిగతావి ఆపేయించమని నా సలహా. ఏవి ఆపాలో డాక్టరే కూర్చుని తేల్చాలి, నాలాంటివాడు కాదు.

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే సిస్టం ఆగిపోతుంది

కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం చక్రం తిరుగుతుంటుంది. ముందు రౌటర్ లైట్లు చూడండి. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకు, లైట్లకు, కంప్యూటర్‌కు ఇచ్చి, రౌటర్‌ను, నెట్‌వర్క్ స్విచ్‌ను మామూలు ప్లగ్గులో వదిలేసి ఉంటాడు. నాకు వచ్చిన ఇలాంటి ఫోన్లలో ఎక్కువ శాతం ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుతో తీరిపోయాయి.

నెట్ తెగిపోవడం వేరే జబ్బు. రెండు కంపెనీల కేబుల్ కనెక్షన్లు తీసుకున్నా రెండూ ఒకే స్తంభం మీంచి వస్తే ఒకే జేసీబీకి రెండూ తెగుతాయి. రెండోది సిమ్ మీద నడిచేది పెట్టుకోండి. అది కూడా అందకపోతే వాడడానికి, ముందే నంబర్లు వేసిన కాగితం చీటీల కట్ట ఒకటి కౌంటర్ సొరుగులో ఉండాలి. నెట్ వచ్చాక వాటిని ఎవరు ఎక్కించాలో కూడా పేరు పెట్టి చెప్పి ఉంచాలి, లేదంటే ఆ కట్ట అక్కడే ఉండిపోతుంది.

తెలుగు అక్షరాలు పాడైపోతున్నాయి

పాడవడంలో రకాలున్నాయి, ఎలా పాడైందో చూస్తే కారణం తెలిసిపోతుంది. తెలుగు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్న గుర్తులు సేవ్ అయి ఉంటే డేటాబేస్‌లో ఆ గడి యూనికోడ్‌కు, అంటే తెలుగు లాంటి అన్ని భాషల అక్షరాలు దాచే పద్ధతికి, సెట్ కాలేదు. అవి తిరిగి రావు. ముందు సెట్టింగ్ మార్పించి తర్వాత మళ్లీ టైప్ చేయాలి. ఖాళీ డబ్బాలు కనబడితే భయం లేదు, డేటా భద్రంగానే ఉంది, ఆ కంప్యూటర్‌లోనో ప్రింటర్‌లోనో తెలుగు ఫాంట్ లేదు. చిన్న బిల్లు ప్రింటర్లకు తెలుగు రాదు కాబట్టి చీటీని బొమ్మలాగా పంపే సెట్టింగ్ పెట్టాలి. ఎక్సెల్‌లో తెరిచినప్పుడు మాత్రమే పిచ్చి గుర్తులు వస్తుంటే, ఫైలును నేరుగా తెరవకుండా డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే అది మీ చేతిలో లేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీయే సరిచేయాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన సూచనల కాగితాలు యూనికోడ్‌లోకి మార్చనిదే ఎక్కడా అతకవు.

ఓటీపీ రాదు, కౌంటర్ ఆగిపోతుంది

పేషెంట్ల రికార్డులను డిజిటల్‌గా కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్ 27న దేశమంతా మొదలైంది. దానికింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబర్ ఆభాను కొందరు కౌంటర్‌లోనే అందరికీ చేయాలని పెట్టుకుంటారు. ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కు పోతుంది. ఆ సిమ్ కొడుకుతో పాటు దుబాయ్‌లో ఉంటుంది. మొత్తం లైను ఆ ఆరు అంకెల కోసం నిలబడుతుంది.

ఆభా తప్పనిసరి కాదు. లేకపోతే వైద్యం ఆపకూడదు, సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఖాళీగా వదిలే వీలుండాలి. చేయాలనుకుంటే పక్కన వేరే బల్ల వేసి, రద్దీ లేని సాయంత్రం పూట చేయండి. ఫోన్‌లో ఇప్పటికే ఆభా ఉన్నవాళ్లకు కౌంటర్‌లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తే పేరు, వయసు టైప్ చేయకుండానే వచ్చేస్తాయి. దానికి మీ క్లినిక్ ముందుగా హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో, అంటే ఆ పథకం కింద ఆసుపత్రుల, క్లినిక్‌ల జాబితాలో నమోదై ఉండాలి. "ఈ కార్డు ఉంటే ఆపరేషన్ ఫ్రీయేనా?" అని రోజుకు పదిమంది అడుగుతారు. ఇది రికార్డుల నంబర్ మాత్రమే, ఆరోగ్యశ్రీ వేరు అని ఒక కాగితం అతికించేయండి.

డాక్టర్ లాగిన్‌తో డాక్టర్ లేనప్పుడు మార్పులు

ఒకచోట సారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్న టైంలో ఆయన పేరు మీద చీటీ మారింది. ఎవరు మార్చారో తేలలేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ మానిటర్ కింద స్టికర్ మీద ఉంది. స్టాఫ్‌ను తిట్టి లాభం లేదు. లాగిన్‌కు నిమిషం పట్టే చోట అందరూ ఒకే లాగిన్ వాడతారు. ఒక్కొక్కరికి నాలుగంకెల పిన్ పెట్టి, మనిషి మారడం రెండు సెకన్ల పని చేయండి, స్టికర్ దానంతటదే పోతుంది.

బ్యాకప్ ఉంది, కానీ తెరుచుకోవడం లేదు

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగితే అంత పెద్ద ఆసుపత్రి కూడా రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. మన దగ్గర బ్యాకప్ అంటే సర్వర్‌కే గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవ్. సర్వర్‌కు వైరస్ తగిలితే దానికీ తగులుతుంది. రెండు డ్రైవులు పెట్టుకుని ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, మూడో కాపీ క్లౌడ్‌లో. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్న వచ్చిన ఒక పేషెంట్ కనబడుతున్నాడో లేదో చూడండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడ్మిటైనవాళ్ల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. "సిస్టం పోయింది" అనేది అక్కడ జవాబు కాదు.

సాఫ్ట్‌వేర్ మారుద్దామంటే డేటా బయటికి రావడం లేదు

ఈ ఫోన్ వచ్చేసరికి సాధారణంగా ఆలస్యమైపోయి ఉంటుంది. కంపెనీ వేల పీడీఎఫ్‌లు ఒక డ్రైవులో పోసి ఇస్తుంది, వాటిని కొత్త సాఫ్ట్‌వేర్ చదవలేదు. ఒప్పందంలో డేటా మాది, అడిగిన వారంలో ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగానో, ఆభా వ్యవస్థ రికార్డులు పంపుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ పద్ధతిలోనో ఇవ్వాలి అని రాయించుకోవాల్సింది. కొనబోయేవాళ్లు డెమో రోజునే పని తేల్చుకోండి. ఉత్తుత్తి పేర్లతో పదిమంది పేషెంట్లను ఎక్కించి, మందులు, ల్యాబ్ రిపోర్టులతో సహా మొత్తం బయటికి తీసి మీ పెన్‌డ్రైవ్‌లో వేయమనండి. "రేపు మెయిల్ చేస్తం సార్" అంటే ఆ మెయిల్ వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.