పాత ల్యాప్‌టాప్ తెచ్చారా? ఛార్జర్ పక్కన పెట్టి ముందు స్క్రూడ్రైవర్ తియ్యండి

ఉబ్బిన బ్యాటరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని మంచం మీదే ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటే తెల్లవారుజామున పరుపు అంటుకుందని మొన్న మళ్ళీ ఒక కబురు. మనుషులు బయటపడ్డారు, అంతవరకు నయం. మన గోదారి జిల్లాల్లో ఇంజినీరింగ్ కౌన్సెలింగూ వరదలూ ఒకే నెలల్లో వస్తాయి. సీటు రాగానే పిల్లలకి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వెతుకుతారు. సరిగ్గా అప్పుడే గాల్లో చెమ్మ, గంటకోసారి కరెంటు పోయి రావడం, గోదారి మధ్య లంక ఊళ్ళలో నీళ్ళు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. దాంతో ఆఫీసులు వదిలించుకున్న, ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లున్న మెషీన్లు చవగ్గా దొరుకుతున్నాయి.

స్క్రీన్ మీద గీతలు, కొట్టుకోని కీలు, వదులైన హింజీలు ఎవరైనా చూస్తారు, అవి వదిలేద్దాం. మేం చెప్పేది ఒక్క ముక్క: వెనక మూత తీసి చూడకుండా ఛార్జర్ పెట్టకండి. "ఆన్ అవుతుందో లేదో ఒక్కసారి చూద్దాం" అన్న ఆ ఒక్కసారే బాగుపడాల్సిన బోర్డుల్ని ఎక్కువగా చంపుతుంది.

ఎందుకంటే

ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా బ్యాటరీ తగిలించి ఉంటే బోర్డు మీద కొన్ని లైన్లలో 3 వోల్టులు, 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. చెమ్మ మీద కరెంటు పడితే రాగి కరిగి, రాగి బిందెకి పట్టే చిలుములా పచ్చగా పొంగుతుంది. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపూ, రొయ్యల చెరువుల పక్కనా ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అలాంటి బోర్డుకి ఛార్జర్ పెడితే 19 వోల్టులు లోపలికొస్తాయి. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒక వోల్టు, అటూ ఇటూ. ఆ రెంటికీ మధ్య కాపలా ఉన్న మాస్ఫెట్ (బుల్లి ఎలక్ట్రానిక్ స్విచ్) అప్పటికే షార్ట్ అయ్యుంటే 19 వోల్టులూ నేరుగా ప్రాసెసర్‌లోకి పోతాయి. బోర్డు మీదే అతికించిన ప్రాసెసర్ అది, మార్చేది కాదు. చిన్న రిపేరుతో పోయేది ఆ నిమిషంలో తుక్కు అయిపోతుంది.

బ్యాటరీ సంగతి ఇంకోటి. ఏడాదిపాటు మూల పడున్న లిథియం సెల్ వోల్టేజీ మరీ కిందికి జారిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి సూదుల్లా పేరుకుని లోపల్లోపలే షార్ట్ కావచ్చు. బయటికి ఏమీ కనపడదు.

కొనే చోట

బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కండి. ఊగితే లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, చెయ్యి ఆనించే చోట బొడిపె లేచినా, మూత అంచులో గోరు దూరేంత సందు ఉన్నా అదే అనుమానం.

వరద నీళ్ళు తాగిన మెషీన్‌ని పైన తుడిచి అమ్మేస్తారు. టార్చిలైటు వేసి యూఎస్‌బీ రంధ్రాల మూలల్లో చూడండి, అక్కడ ఒండ్రు మిగిలిపోతుంది. స్పీకర్ జల్లెడలో బురద, స్క్రూ తలల మీద తుప్పు, స్క్రీన్ అడుగున మబ్బు పట్టినట్టు మరక కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. అమ్మేవాళ్ళని మూత తియ్యమనండి. తియ్యనంటే లేచి వచ్చెయ్యండి. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్ లాంటి ఆఫీసు మోడళ్ళ మూత తియ్యడానికి స్టార్ స్క్రూడ్రైవరూ, క్లిప్పులు విప్పడానికి పాత ఏటీఎం కార్డూ చాలు. ఐదు నిమిషాల పని.

ప్రాసెసర్ మోడల్ చదవడం తేలికే. ఐ5-6300యూ అంటే ఆరో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. విండోస్ 11 మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అంతకన్నా పాతదైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోండి, 8 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. ఆన్ చెయ్యగానే, విండోస్ రాకముందే బయోస్ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం కొనొద్దు. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ నాణెం బ్యాటరీ పీకితే పోదు, చిప్‌లో ఉంటుంది. యాపిల్ ల్యాప్‌టాప్ అయితే పాత ఓనరు ఐక్లౌడ్ నుంచి మీ ముందే తీసెయ్యాలి.

ఇంటికి తెచ్చాక

మూత తియ్యండి. బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యండి. వైర్లు పట్టుకుని లాగకుండా కనెక్టర్ చెవుల కింద ప్లాస్టిక్ పుల్ల పెట్టి లేపాలి. టీ440 నుంచి టీ480 దాకా థింక్‌ప్యాడ్లలో చాలావాటికి రెండు బ్యాటరీలుంటాయి. బయటిది పీకేసి కరెంటు పోయిందనుకోకండి, లోపల ఇంకోటుంది. తీశాక పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జి పోతుంది.

ఇప్పుడు బోర్డు వాలుగా పెట్టి లైటు కింద చూడండి. పచ్చ చిలుము, తెల్లపొడి, పంచదార పాకంలా ఎండిన మరక ఉంటాయేమోనని కీబోర్డు కిందా ఛార్జింగ్ జాక్ చుట్టూ ముందు వెతకాలి, టీ ఒలికితే పోయేది అక్కడికే. కనపడితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టూత్‌బ్రష్. శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. కడిగాక ఫ్యాన్ కింద రెండు రోజులు. బియ్యం డ్రమ్ములో పెట్టడం వల్ల ఒరిగేదేం లేదు, కనెక్టర్లలో తవుడు చేరుతుంది. తడి పోయినా ఒండ్రు, ఉప్పు బోర్డు మీదే ఉంటాయి. కడగకుండా ఆరబెట్టడం సగం పనే.

ఛార్జర్‌ని ఒక్కదాన్నే, ల్యాప్‌టాప్‌కి తగిలించకుండా, ఎలక్ట్రీషియన్ దగ్గరుండే సీరీస్ బల్బులో పెట్టించండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే సరే. వెలుగుతూనే ఉంటే ఆ ఛార్జర్ పారెయ్యాల్సిందే. తర్వాత నేరుగా కరెంటులో పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే డెల్, హెచ్‌పీలకి 19.5 వోల్టులు, లెనోవోకి 20 దగ్గర రావాలి. లావు గుండ్రటి పిన్నులో మధ్యనున్న సన్న సూది సిగ్నల్‌ది, కొలవాల్సింది లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య. ప్రోబ్ జారి ఆ సూదినీ లోపలి గొట్టాన్నీ కలిపితే ఛార్జర్‌ని గుర్తుపట్టే చిప్ పోతుంది. ఆ తర్వాత డెల్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగమూ పడిపోతుంది. అప్పుడు బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటారు జనం, డబ్బు దండగ.

చివరగా ల్యాప్‌టాప్ జాక్ ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ బీప్ మోడ్‌లో పెట్టండి. బీప్ ఆగకుండా మోగితే షార్ట్, అక్కడితో ఆపి రిపేరు షాపుకి పట్టుకెళ్ళండి. మోగకపోతే అంతా బాగున్నట్టు కాదు, జాక్ వరకు బాగుందని మాత్రమే. బోర్డు శుభ్రంగా కనపడి, ఛార్జర్ సరిపోయి, షార్ట్ లేదని తేలాకే బ్యాటరీ లేకుండా ఛార్జర్ ఒక్కదానితో ఆన్ చెయ్యండి. చాలా మోడళ్ళు అలా నడుస్తాయి. పొగ, కాలిన వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి వస్తే వెంటనే స్విచ్ కట్టెయ్యాలి.

ఇక చెయ్యకూడనివి

ఉబ్బిన బ్యాటరీని పొడవొద్దు. "గాలి తీస్తే సర్దుకుంటుంది" అనేవాళ్ళు చెప్పింది వినొద్దు, ఆ గాలి మండుతుంది.

ఉబ్బినదాన్ని స్క్రూడ్రైవర్‌తో లేపొద్దు. జిగురు ఉంటే ప్లాస్టిక్ కార్డు, నెమ్మదిగా, ఇంటి బయట, పక్కన పొడి ఇసక బకెట్టు పెట్టుకుని.

చచ్చిన బ్యాటరీకి బయటనుంచి వైర్లు కలిపి కరెంటు ఎక్కించి "లేపుతాం" అంటే ఒప్పుకోవద్దు. పాత సెల్లులు కలగలిపి కట్టిన ప్యాక్ కొనొద్దు.

కొత్త బ్యాటరీ వేశాక మొదటి నాలుగైదు సార్లు మనిషి మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్. మంచం మీద కాదు, పరుపు మీద కాదు. గచ్చు మీద.

స్క్రూలు కలిపెయ్యొద్దు. పొట్టి దానికి పొడుగుది బిగిస్తే బోర్డులోకి దిగుతుంది. కాగితం మీద బొమ్మ గీసి ఎక్కడిది అక్కడే గుచ్చండి.

పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. పసుపు రంగు వస్తే నమ్మొద్దు, 256 జీబీ ఎస్ఎస్‌డీ వెయ్యండి.

ర్యామ్ కొనేముందు లోపలున్న ర్యామ్ మీద రాసిన రకం చదవండి. డీడీఆర్3ఎల్ స్లాటులో డీడీఆర్4 పట్టదు. గాటు చోటు వేరు, నొక్కితే విరుగుతుంది.

తేదీ పదేళ్ళ వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ మార్చండి. చాలావాటిలో సీఆర్2032, కొన్నింటికి వైరు ఉంటుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్లు తెరుచుకోవు, వైరస్ అని భయపడతారు.

మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులు చెయ్యొద్దు. ఎర్త్ లేని ఇంట్లో ల్యాప్‌టాప్ ఒంటికి తగిలితే జిలజిల అంటుంది, అది మామూలే అనుకోవద్దు, ఎర్త్ వేయించండి.

ఉరిమితే ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ కట్టడం చాలదు. కరెంటు పోయినప్పుడు పీకి, వచ్చిన ఐదు నిమిషాలకి పెట్టండి.

వరద నీళ్ళలో మునిగిందా? బ్యాటరీ ఊడదియ్యండి. ఛార్జర్ పెట్టొద్దు. ఆరింది అనిపించినా పెట్టొద్దు. పక్కింటి తమ్ముడు వచ్చి "ఒకసారి చూద్దాం" అన్నా పెట్టొద్దు.

పొగ వస్తే మెయిన్ కట్టేసి మనుషుల్ని బయటికి పంపండి. ఆ పొగ పీల్చొద్దు. మంట చిన్నదైతే నీళ్ళు ధారగా పొయ్యండి, చల్లారితేనే ఆగుతుంది. పెద్దదైతే ఫైరింజన్‌కి 101.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి వరదకి మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు అనగానే లంకల్లో వాళ్ళు ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ విడిగా, రెండు ప్లాస్టిక్ కవర్లు వేసి అటక ఎక్కించండి. సగం ఛార్జింగ్ ఉంటే చాలు, నిండుగా ఎక్కించొద్దు.

తీసేసిన ఉబ్బిన బ్యాటరీ టెర్మినల్స్‌కి టేపు వేసి, పొడి ఇసక బకెట్టులో పూడ్చి, గడ్డివాముకి దూరంగా, వాన పడని చోట పెట్టండి. కాలవలో పారెయ్యొద్దు. చెత్తబండిలో వెయ్యొద్దు. ఇ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి, టేపు తియ్యకుండా, ఇసక బకెట్టుతో సహా ఇవ్వండి.