టనెల్ లేచినా బదులు రాకపోతే: సైట్-టు-సైట్ వీపీఎన్‌లో ఒకవైపు ఎన్‌క్రిప్షన్‌ను పట్టుకోవడం

రెండు కార్యాలయాల రౌటర్ల మధ్య ఐపీసెక్ టనెల్ (ఇంటర్నెట్ మీదుగా ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే దారి) కట్టిన తరువాత, అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తూ పని మాత్రం జరగని స్థితి ఒకటి తరచుగా ఎదురవుతుంది. సిస్కో ఐఓఎస్ రౌటర్‌లో ‘షో క్రిప్టో ఐసాక్యాంప్ ఎస్ఏ’ అని ఇస్తే క్యూఎం ఐడిల్ అని వస్తుంది. ఐకేఈ (కీల చర్చ జరిపే ప్రోటోకాల్) రెండవ వెర్షన్ అయితే ‘షో క్రిప్టో ఐకేఈవీ2 ఎస్ఏ’లో రెడీ అని వస్తుంది. రెండింటికీ కీల చర్చ కుదిరిందనే అర్థం. అయినా పింగ్‌కు జవాబు ఉండదు. ‘షో క్రిప్టో ఐపీసెక్ ఎస్ఏ’ చూస్తే ఎన్‌క్యాప్స్ (ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన ప్యాకెట్ల) అంకె పెరుగుతూ ఉంటుంది, డీక్యాప్స్ (అవతలి నుంచి అందుకుని విప్పిన ప్యాకెట్ల అంకె) సున్నా దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అప్పుడు ప్రీ-షేర్డ్ కీ (రెండు రౌటర్లకూ ఉమ్మడి రహస్య పదం) మార్చడం, ట్రాన్స్‌ఫార్మ్ సెట్ (వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు) తిరగరాయడం మొదలుపెట్టేవారు చాలామంది ఉంటారు గానీ, ఎస్ఏలు (సెక్యూరిటీ అసోసియేషన్లు, అంటే ఎన్‌క్రిప్షన్‌పై రౌటర్ల మధ్య కుదిరిన ఒప్పందాలు) ఏర్పడ్డాయంటే ఆ కీ, పద్ధతులపై రెండు రౌటర్లూ ఇప్పటికే ఒప్పందానికి వచ్చాయని అర్థం. తప్పు అక్కడ లేదు.

ఐపీసెక్ ఎస్ఏ ఏకదిశలో పనిచేస్తుందన్న సంగతి ఇక్కడ కీలకం. ఒక టనెల్ అని మనం పిలిచేది నిజానికి కనీసం రెండు ఎస్ఏల జంట. పోయే దారికి ఒకటి, వచ్చే దారికి ఒకటి, ఒక్కొక్క దానికి ఎస్‌పీఐ అనే 32 బిట్ల గుర్తింపు సంఖ్య వేరుగా ఉంటుంది. కాబట్టి ఒక దిశ నిక్షేపంగా నడుస్తూ రెండోది పూర్తిగా ఖాళీగా ఉండడం సాధ్యమే.

ముందు నాలుగు అంకెలు

వివరణ కోసం ఒక అమరిక అనుకుందాం. హైదరాబాద్ కార్యాలయం లోపలి నెట్‌వర్క్ 192.168.10.0/24, విజయవాడ శాఖ నెట్‌వర్క్ 192.168.20.0/24. హైదరాబాద్ నుంచి పింగ్ చేస్తే జవాబు రావడం లేదు. కాన్ఫిగరేషన్‌ను ముట్టుకోకముందే రెండు రౌటర్లలోనూ ఎన్‌క్యాప్స్, డీక్యాప్స్ అంకెలను, అంటే మొత్తం నాలుగింటిని, రాసి పెట్టుకోవాలి. తరువాత హైదరాబాద్ రౌటర్‌లో ‘పింగ్ 192.168.20.10 సోర్స్ 192.168.10.1 రిపీట్ 100’ అని ఇచ్చి మళ్లీ నాలుగూ చూడాలి. సోర్స్ చెప్పకుండా పింగ్ చేస్తే రౌటర్ తన బయటి ఇంటర్‌ఫేస్ చిరునామాను వాడుకుంటుంది. అది క్రిప్టో యాక్సెస్ లిస్ట్‌లో (ఏ ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలో చెప్పే జాబితాలో) ఉండదు కనుక ఆ పరీక్షకు విలువ లేదు. కారణం దొరికిందనుకున్నాక తుది పరీక్ష మాత్రం రౌటర్ నుంచి కాకుండా అసలు కంప్యూటర్ నుంచే చేయాలి, ఎందుకంటే లోపలి ఇంటర్‌ఫేస్ మీది యాక్సెస్ లిస్టులనూ పాలసీ రూటింగ్‌నూ దాటి రావలసినది ఆ కంప్యూటర్ ట్రాఫిక్కే.

హైదరాబాద్ ఎన్‌క్యాప్స్ వంద పెరిగి, విజయవాడ డీక్యాప్స్ కూడా వంద పెరిగి, విజయవాడ ఎన్‌క్యాప్స్ కదలకపోతే, పోయే దారి మొత్తం బాగున్నట్టే. బదులు విజయవాడలోనే ఎక్కడో టనెల్‌లోకి ఎక్కకుండా పోతోంది. అలా కాక విజయవాడ డీక్యాప్స్ కూడా సున్నాగా ఉంటే ప్యాకెట్ మధ్యలో పోతోంది. ఫిర్యాదు వచ్చిన చోటి రౌటర్ ముందే కూర్చుని గంటలు గడపడం ఈ పనిలో అందరికీ అలవాటైన పొరపాటు. డీక్యాప్స్ పెరుగుతూ ఎన్‌క్యాప్స్ కదలని రౌటర్ ఏ ఊళ్లో ఉంటే లాగిన్ కావలసింది అక్కడికే.

బదులు టనెల్‌లోకి ఎక్కకపోతే

మొదట అవతలి కంప్యూటర్ అసలు బదులిస్తోందో లేదో తేల్చుకోవాలి. దాని డిఫాల్ట్ గేట్‌వే వేరే పరికరం వైపు ఉండవచ్చు, లేదా విండోస్ ఫైర్‌వాల్ వేరే సబ్‌నెట్ నుంచి వచ్చిన పింగ్‌ను ఆపుతూ ఉండవచ్చు. విజయవాడ రౌటర్ లోపలి చిరునామా 192.168.20.1కి పింగ్ అందుతూ 192.168.20.10కి అందకపోతే అనుమానం ముందుగా ఈ కంప్యూటర్ వైపు మళ్లాలి. ఇది రెండు నిమిషాల పని.

అక్కడ లోపం లేకపోతే దారిని చూడాలి. క్రిప్టో మ్యాప్ (ఆ జాబితానూ అవతలి రౌటర్ చిరునామానూ కలిపే అమరిక) పెట్టిన ఇంటర్‌ఫేస్ గుండా ప్యాకెట్ బయటకు పోతేనే రౌటర్ దాన్ని క్రిప్టో యాక్సెస్ లిస్ట్‌తో పోల్చి చూస్తుంది. శాఖకు రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉండి బదులు రెండో దాని గుండా పోతున్నా, పాత లీజ్డ్ లైన్ కోసం రాసిన స్టాటిక్ రూటు ఇంకా మిగిలి ఉన్నా, 192.168.0.0/16 మొత్తాన్ని నల్0 (వచ్చినవాటిని పారేసే ఇంటర్‌ఫేస్) వైపు తోసే సమ్మరీ రూటు ఉన్నా ఆ ప్యాకెట్ క్రిప్టో మ్యాప్‌ను చేరనే చేరదు. 192.168.10.5 హైదరాబాద్‌లోని ఒక కంప్యూటర్ అనుకుంటే, ‘షో ఐపీ రూట్ 192.168.10.5’ అని ఇస్తే దారి తెలుస్తుంది. క్రిప్టో మ్యాప్ కాకుండా టనెల్ ఇంటర్‌ఫేస్ పద్ధతిలో కట్టిన వీపీఎన్ అయితే, ఏ ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ కావాలో నిర్ణయించేది రూటింగే కాబట్టి, ఒకవైపు రూటు రాయడం మరిచిపోవడమే సాధారణ కారణం.

దారి కూడా సరిగా ఉంటే నాట్ (లోపలి చిరునామాను పబ్లిక్ చిరునామాగా మార్చే పని) దగ్గరకు రావాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే దోషి ఇదే. ఐఓఎస్‌లో లోపలి నుంచి బయటకు పోయే ప్యాకెట్‌కు మొదట రూటింగ్, తరువాత నాట్, ఆ తరువాతే క్రిప్టో తనిఖీ జరుగుతాయి. విజయవాడ కంప్యూటర్ పంపిన బదులుకు నాట్ పబ్లిక్ చిరునామా తొడిగేస్తే, క్రిప్టో యాక్సెస్ లిస్ట్ వెతికే 192.168.20.10 అప్పటికే మాయమై ఉంటుంది, ప్యాకెట్ దేనికీ సరిపోలక ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఇంటర్నెట్‌లోకి పోతుంది. ప్రైవేటు చిరునామాకు పోతున్న ఆ ప్యాకెట్‌ను ఇంటర్నెట్ సంస్థ పారేస్తుంది నిజమే కానీ, అప్పటికే అందులోని సమాచారం సాదాగా మన గడప దాటింది. అందుకే దీన్ని కేవలం కనెక్షన్ సమస్యగా తీసుకుని తీరిగ్గా చూడడం తగదు.

నిర్ధారించడం సులభం. హైదరాబాద్‌లోని ఆ కంప్యూటర్ నుంచి పింగ్ నడుస్తుండగా విజయవాడ రౌటర్‌లో ‘షో ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్స్’ ఇచ్చినప్పుడు లోపలి చిరునామా 192.168.20.10గా, బయటి చిరునామా 192.168.10.5గా ఉన్న వరుస ఒక్కటి కనిపించినా దొంగ దొరికినట్టే. నాట్ కోసం వాడే యాక్సెస్ లిస్ట్‌లో ఈ రెండు వరుసలు ఇదే క్రమంలో ఉండాలి:

డినై ఐపీ 192.168.20.0 0.0.0.255 192.168.10.0 0.0.0.255
పర్మిట్ ఐపీ 192.168.20.0 0.0.0.255 ఎనీ

క్రమ సంఖ్య ఇవ్వకుండా చేర్చిన కొత్త వరుస జాబితా చివరకు పోతుంది. పర్మిట్ కింద పడిన డినై ఉన్నా లేనట్టే. కాబట్టి పర్మిట్ కంటే చిన్న క్రమ సంఖ్యతో చేర్చి, ‘క్లియర్ ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్ స్టార్ (*)’ ఇవ్వాలి. ఆ ఆదేశంతో శాఖలో అప్పుడు నడుస్తున్న ఇంటర్నెట్ కనెక్షన్లు తెగవచ్చు, అందువల్ల పని వేళల్లో కాస్త ఆలోచించి ఇవ్వాలి.

ఇంత చేశాక కూడా శాఖలోని కంప్యూటర్లన్నీ అందుతూ ఒక్క సర్వర్ మాత్రం అందకపోవచ్చు. ఆ సర్వర్‌కు ‘ఐపీ నాట్ ఇన్‌సైడ్ సోర్స్ స్టాటిక్’ రాసి ఉందేమో చూడాలి. స్టాటిక్ నాట్ పైన చెప్పిన యాక్సెస్ లిస్ట్‌ను పట్టించుకోదు. ఆ వరుసకే రూట్ మ్యాప్ (ఏ ట్రాఫిక్‌కు వర్తించాలో చెప్పే షరతు) జోడించి, టనెల్ వైపు పోయే ట్రాఫిక్‌ను అందులో మినహాయించాలి.

ఇక మిగిలేవి క్రిప్టో యాక్సెస్ లిస్టులు. ఒక రౌటర్‌లో సోర్స్‌గా ఉన్నది రెండో రౌటర్‌లో డెస్టినేషన్‌గా, అద్దంలో బొమ్మలా ఉండాలి. ఒకవైపు /24, మరోవైపు /16 ఉంటే, ఇరుకైన వైపు నుంచి మొదలుపెట్టినప్పుడు టనెల్ లేచి, విశాలమైన వైపు నుంచి మొదలుపెడితే లేవకపోవచ్చు. అనేక శాఖలున్న రౌటర్‌లో ఇంకో మెలిక ఉంది. క్రిప్టో మ్యాప్‌లో చిన్న వరుస సంఖ్య ఉన్న ఎంట్రీనే రౌటర్ ముందు చూస్తుంది. పదో ఎంట్రీలో వేరే శాఖ కోసం 192.168.0.0/16 అని విశాలంగా రాసి ఉంటే, ఇరవయ్యో ఎంట్రీకి చెందవలసిన బదులును అదే లాక్కుంటుంది. అప్పుడు అసలు పీర్ (అవతలి రౌటర్) దగ్గర సున్నా ఉండి, సంబంధంలేని పీర్ కింద ఎన్‌క్యాప్స్ గానీ సెండ్ ఎర్రర్లు గానీ పెరుగుతూ కనిపిస్తాయి.

ప్యాకెట్ మధ్యలో పోతే

హైదరాబాద్ ఎన్‌క్యాప్స్ పెరుగుతూ విజయవాడ డీక్యాప్స్ పెరగకపోతే రెండు రౌటర్ల మధ్య దారిని అనుమానించాలి. కీల చర్చ యూడీపీ 500 మీద జరుగుతుంది. అసలు డేటా మాత్రం ఈఎస్‌పీ (ఎన్‌క్రిప్ట్ అయిన డేటాను మోసే ఐపీసెక్ ప్రోటోకాల్) రూపంలో, ఐపీ ప్రోటోకాల్ 50గా పోతుంది. మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని ఆపే మోడెమ్ గానీ, బయటి ఇంటర్‌ఫేస్ యాక్సెస్ లిస్ట్ గానీ ఉంటే టనెల్ లేస్తుంది, డేటా పోదు. మధ్యలో నాట్ పరికరం ఉంటే ఈఎస్‌పీని యూడీపీ 4500లో చుట్టి పంపుతారు కాబట్టి అప్పుడు ఆ పోర్టు తెరిచి ఉండాలి. 50 అంటే ఇక్కడ పోర్టు సంఖ్య కాదని ఇంటర్నెట్ సంస్థ సహాయ కేంద్రానికి స్పష్టంగా చెప్పవలసి వస్తుంది, లేకపోతే వారు టీసీపీ 50 తెరిచి పని అయిపోయిందంటారు.

ఎస్‌పీఐలను కూడా పోల్చాలి. హైదరాబాద్ అవుట్‌బౌండ్ ఎస్‌పీఐ, విజయవాడ ఇన్‌బౌండ్ ఎస్‌పీఐ ఒక్కటే కావాలి. ఒక రౌటర్ కరెంటు పోయి మళ్లీ లేచినప్పుడు రెండోది పాత ఎస్ఏతోనే పంపుతూ ఉంటుంది. లాగ్‌లో ఇన్‌వాలిడ్ ఎస్‌పీఐ అన్న సందేశం దానికి గుర్తు. ఆ పీర్‌కు మాత్రమే ‘క్లియర్ క్రిప్టో ఎస్ఏ పీర్’ ఇస్తే తాత్కాలికంగా సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ రాకుండా, అవతలి రౌటర్ బతికి ఉందో లేదో తరచూ చూసుకునేలా, రెండు వైపులా ‘క్రిప్టో ఐసాక్యాంప్ కీప్‌అలైవ్ 10 3 పీరియాడిక్’ పెట్టడం మేలు.

చిన్న పింగ్‌లు పోతూ పెద్ద ఫైళ్లు మాత్రమే ఆగిపోతుంటే అది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు అనుమతించే గరిష్ఠ పరిమాణం) వ్యవహారం. ఇక్కడ చెప్పిన వాటిలో ఏదీ దానికి పనికిరాదు.

సరిచేసిన తరువాత రెండు ఊళ్ల నుంచీ, అసలు కంప్యూటర్లతోనే, పింగ్ మొదలుపెట్టి నాలుగు అంకెలూ కదులుతున్నాయో లేదో చూడాలి. ఐఓఎస్‌లో ఐపీసెక్ ఎస్ఏ ఆయుష్షు మార్చకపోతే 3600 సెకన్లు ఉంటుంది కనుక, ఆ గంట దాటి కొత్త ఎస్ఏలు ఏర్పడిన తరువాత మరోసారి చూసి, అప్పుడే రెండు రౌటర్లలోనూ ‘రైట్ మెమరీ’ ఇచ్చి మార్పులను భద్రపరచాలి.