ఇంట్లోనే టూల్ అండ్ కటర్ గ్రైండర్: ముందు స్పిండిల్ సంగతి చూడండి

లేత్ టూల్ అయితే బెంచ్ గ్రైండర్ మీద చేత్తో పట్టుకుని పదును పెట్టేస్తాం గానీ ఎండ్ మిల్ (మిల్లింగ్ మెషిన్‌లో వాడే, చివరా పక్కలా పళ్లున్న కటర్) అలా కుదరదు, నాలుగు పళ్లలో ఒక్కటి ఎత్తుగా ఉన్నా కోతంతా అదే కోస్తుంది, మిగతా మూడూ ఊరికే తిరుగుతాయి. అందుకే మొద్దుబారిన కటర్లతో డబ్బా నిండాక వాటికి పదును పెట్టే ఈ టూల్ అండ్ కటర్ గ్రైండర్ కట్టుకున్నా. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ వాళ్లు ఒకప్పుడు ఇలాంటి మెషిన్లు చేసేవాళ్లు, పాతది ఎక్కడైనా కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి, ఎంత బలంగా కట్టారో తెలుస్తుంది.

మొదట నేను అర హెచ్‌పీ మోటార్ షాఫ్ట్‌కే కప్ వీల్ (గిన్నె ఆకారపు సాన రాయి) బిగించేశా. వీల్ బాగానే తిరిగింది కానీ ఒక్కో పన్ను ఒక్కో ఎత్తు వచ్చింది. రెండు రోజులు ఇండెక్సింగ్ (ఒక్కో పన్ను కోసం కటర్‌ని సమానంగా తిప్పి పెట్టడం) తప్పేమో అని వెతికి వెతికి, చివరికి షాఫ్ట్ చివర డయల్ గేజ్ (సన్నటి తేడాలు చూపే ముల్లు గేజ్) పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తే అసలు సంగతి బయటపడింది, షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడుతోంది. కప్ వీల్ ముఖంతోనే రుద్దుతాం కదా, ఆ ఆట మొత్తం నేరుగా కటర్ మీదకి వచ్చేస్తుంది. కాబట్టి స్పిండిల్ (వీల్ తిరిగే ఇరుసు) వేరేగా చేసుకోండి: 20 ఎంఎం షాఫ్ట్, ఎదురెదురుగా రెండు 7204 యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు (షాఫ్ట్ పొడవునా వచ్చే తోపునీ ఆపేవి), వెనక నట్ ఆట పోయేంత వరకే బిగించాలి, అంతకు మించితే వేడెక్కుతాయి. మోటార్ నుంచి బెల్ట్, రెండు పుల్లీలూ ఒకే సైజు చాలు. 2800 ఆర్‌పీఎంలో 125 ఎంఎం వీల్ అంచు వేగం సెకనుకి 18 మీటర్లు వస్తుంది, మన పనికి సరిపోతుంది.

ఇక స్లైడ్, అంటే కటర్‌ని వీల్ ముందు జరిపే భాగం. లీనియర్ గైడ్ (బాల్స్ మీద జారే రెడీమేడ్ పట్టా) జోలికి పోకండి, గ్రైండింగ్ దుమ్ము దాన్ని తినేస్తుంది. నేను పాత హైడ్రాలిక్ సిలిండర్ రాడ్, 25 ఎంఎం హార్డ్ క్రోమ్‌ది, స్క్రాప్‌లో తెచ్చుకుని రెండు గన్‌మెటల్ బుష్‌లలో వేశా, చివర్లలో ఫెల్ట్ రింగులు పెట్టా. వీల్ ముఖానికి సమాంతరంగా, దాని కింద ఉంటుంది ఈ రాడ్. జరిపితే కటర్ వీల్ ముందు అటూ ఇటూ పోతుంది, కొంచెం తిప్పితే వీల్ వైపు వాలుతుంది, అంటే ఒక్క రాడ్‌తోనే రెండు కదలికలు. కటర్ రాడ్‌కి 75 ఎంఎం పైన, రాడ్‌కి బిగించి వెనక్కి చాచిన తోక లాంటి పట్టీ చివర ఎం10×1 స్క్రూ (చుట్టుకి 1 ఎంఎం జరిగేది) రాడ్‌కి 150 ఎంఎం దూరంలో పెడితే స్క్రూ ఒక చుట్టుకి కటర్ అర మిల్లీమీటర్ ముందుకొస్తుంది. స్క్రూ తల మీద 50 గీతలు గీసుకుంటే ఒక్కో గీత 0.01 ఎంఎం. తోక స్క్రూ మీద ఆని ఉండేలా స్ప్రింగ్ తప్పనిసరి.

కటర్ పట్టుకోడానికి ఈఆర్32 కాలెట్ బ్లాకులు (కటర్ కాడని చుట్టూ బిగించి పట్టే పలకల దిమ్మలు) తీసుకోండి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో టూల్స్ షాపుల్లో అడగండి. చదరం బ్లాక్ నాలుగు ఫ్లూట్లకి (అంటే పళ్లకి), ఆరు పలకలది రెండు, మూడు, ఆరు ఫ్లూట్లకి. బ్లాక్ వెనక గట్టి స్టాప్ ఉండాలి, తిప్పి పెట్టిన ప్రతిసారీ దానికే ఆనాలి, మధ్యలో దుమ్ము తుడవాలి.

గ్రైండ్ చేసేటప్పుడు పన్ను అంచు రాడ్‌కి సమాంతరంగా పెట్టి, వెనక భాగం వీల్‌కి తగిలేలా బ్లాక్‌ని మోసే హెడ్‌ని నిలువుగా 6 డిగ్రీలు వంచండి, అడ్డంగా ఇంకో ఒకటిన్నర డిగ్రీ తిప్పితే మధ్యలో కొంచెం లోతుగా వస్తుంది, అది కావాలి. ఎదుటి పన్నుకి తగలకముందే రాడ్ ఆగేలా దాని మీద కాలర్ (రింగు) బిగించండి. నాలుగు పళ్లూ ఒకే స్క్రూ సెట్టింగ్‌లో తిప్పుకొచ్చాకే తర్వాతి 0.02 ఎంఎం ఇవ్వాలి.

హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కటర్లకి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్, కార్బైడ్‌కి డైమండ్, డైమండ్ మీద స్టీల్ రుద్దితే వీల్ పాడవుతుంది. తెల్ల వీల్ అంచుని డ్రెస్ చేసి (చెక్కి సరిచేసి) 3 ఎంఎం వెడల్పు మాత్రమే తగిలేలా ఉంచుకోండి, వేడి తక్కువ పుడుతుంది. వేడెక్కిన కటర్‌ని నీళ్లలో ముంచొద్దు, పగులుతుంది. వీల్ బిగించే ముందు వేలికి తగిలించి కర్రతో మెల్లగా కొట్టండి, ఖంగుమనాలి, బొంగురుగా వస్తే దాన్ని వాడొద్దు. దాని మీద రాసిన ఆర్‌పీఎం చూడండి, గార్డ్ లేకుండా స్విచ్ వేయొద్దు. కార్బైడ్ దుమ్ములో కోబాల్ట్ ఉంటుంది, మాస్క్ పెట్టుకోండి, పక్కన లేత్ ఉంటే దాని బెడ్ మీద గుడ్డ కప్పండి.

అయ్యాక కటర్‌ని మిల్లింగ్ మెషిన్‌లో బిగించి ఒక్కో పన్ను కింద డయల్ గేజ్ పెట్టి, కోసే దిశకి ఎదురుగా చేత్తో మెల్లగా తిప్పి చూడండి. నాలుగింటికీ తేడా 0.02 లోపు ఉంటే అల్యూమినియం ముక్క మీద కోసి చూడండి.