తాతల నాటి ప్లేట్ కెమెరా దొరికితే ఏం చూడాలి

నెల్లూరులో మా స్టూడియోకి ఎవరో ఒకరు ఫిల్మ్ బదులు గాజు ప్లేట్ మీద ఫోటో తీసే పాత మడత కెమెరా తెచ్చి, "ఇది పనిచేస్తుందా అన్నా?" అని అడుగుతుంటారు. ముందు ఆ ఇత్తడిని చింతపండుతో తోమొద్దని చెబుతా. మెరుస్తుంది గానీ పైనున్న పాత పూత పోతుంది, దాంతో ధర కూడా.

తర్వాత చెక్కకు బిగించిన చిన్న పేరుపలక వెతకండి. లాంకాస్టర్ అని ఉంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైంది. థార్న్‌టన్-పికార్డ్ అంటే మాంచెస్టర్ దగ్గరి ఆల్ట్రించమ్. వీళ్ల రోలర్ షట్టర్‌లో, అంటే వెలుతురును లోపలికి వదిలి ఆపే చుట్టుడు తెరలో, గుడ్డ పెళుసుబారిందేమో చూడాలి. శాండర్సన్ అని ఉంటే మాత్రం నేను టీ చెప్పి మరీ కూర్చోబెడతా. కేంబ్రిడ్జ్‌లో చెక్కపని చేసే ఫ్రెడరిక్ శాండర్సన్ 1895లో పేటెంట్ పొందిన పద్ధతి అది. లెన్స్ పలకకు రెండు వైపులా గాడి ఉన్న ఇత్తడి పట్టీలుంటాయి. మరలు వదులు చేసి లెన్స్‌ను పైకి జరిపితే, మన రంగనాథస్వామి గుడి గాలిగోపురం కూడా వెనక్కి వాలినట్టు కాకుండా నిటారుగా పడుతుంది.

బెలోస్‌ను, అంటే లెన్స్ వెనక ఉండే మడతల తోలు గొట్టాన్ని, నెమ్మదిగా చాచండి. ఎండిన తోలును గుంజితే చిరుగుతుంది. చీకటి గదిలో లోపల టార్చ్ పెట్టి, మడతల మూలలు చూడండి. చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లే.

వెనక ఫోకస్ చూసుకునే గరుకు గాజు కొలవండి. 6½ × 4¾ అంగుళాలుంటే హాఫ్ ప్లేట్, 4¼ × 3¼ అయితే క్వార్టర్. ప్లేట్‌ను పెట్టి కెమెరాకి తగిలించే హోల్డర్లు సరిపోయేవి లేకపోతే షోకేస్‌కే. మన ఉక్కపోతకి లెన్స్‌కు బూజు పడుతుంది, తోలు పెట్టెలో మూసి ఉంచకండి.